కత్తి పెడితే పాకుతుందా? మూత్రాశయ క్యాన్సర్ గోడ దాటే తీరు

కొబ్బరితోట (అంబాజీపేట):

సభ్యులందరికీ నమస్కారం. మా నాన్నగారికి 64 ఏళ్లు. ఎండాకాలంలో ఒకరోజు మూత్రం ఎర్రగా వచ్చింది. నొప్పి లేదు, మంట లేదు. వేడి చేసి ఉంటుందని సబ్జా నీళ్లు, బార్లీ, కొబ్బరి బొండాలు పట్టించాం. తేటపడింది, ఆ సంగతి మరిచిపోయాం. శ్రావణమాసంలో మళ్లీ వచ్చింది, ఈసారి నెత్తుటి గడ్డలతో. స్కానింగులో మూత్రాశయంలో కంతి కనిపించింది. కాకినాడలో మూత్రమార్గం గుండానే గొట్టం పంపి దాన్ని గీకి తీశారు. ముక్క పరీక్ష రిపోర్టులో ఇలా ఉంది: హై గ్రేడ్ యూరోథీలియల్ కార్సినోమా, లామినా ప్రొప్రియాలోకి చొచ్చుకుపోయింది, టీ1, డెట్రూసర్ కండరం నమూనాలో లేదు.

కొన్ని వారాల్లోనే మరోసారి గీకాలని డాక్టరు గారు అంటున్నారు. ఇంట్లో ఎవరూ ఒప్పుకోవడం లేదు. "ఒకసారి కత్తి పెట్టారు, అదే ఎక్కువ. మళ్లీ కెలికితే ఒళ్లంతా పాకుతుంది" అని మా పెద్దనాన్న పట్టుబట్టి కూర్చున్నారు. నాన్నది కూడా అదే మాట. ఆయనకు చిన్న వయసునుంచీ చుట్ట అలవాటు ఉంది.

నేను డిగ్రీలో జీవశాస్త్రం చదివాను. ఈ క్యాన్సర్ గోడ దాటి బయటికి ఎలా వెళుతుంది, కణంలో ఏం మారితే వెళ్లగలుగుతుంది, దానికీ కత్తికీ ఉన్న సంబంధం ఎంత? తెలిసినవారు వివరంగా చెప్పండి. ఇంట్లో వాదించాలంటే ముందు నాకు గట్టిగా తెలియాలి.

గాజుపలక (కాకినాడ):

బాబూ, నేను పాథాలజీ పాఠాలు చెప్పి ఉద్యోగ విరమణ చేసినవాణ్ణి. మీ రిపోర్టులో అన్నిటికన్నా బరువైన వాక్యం చివరిది.

మూత్రాశయం గోడను లోపలినుంచి బయటికి చూస్తే మొదట యూరోథీలియం అనే పైపొర. దాని అడుగున పలుచటి ఆధార పొర. ఆ కింద లామినా ప్రొప్రియా అనే వదులు కణజాలం, అందులోనే సన్నని రక్తనాళాలు, లింఫు నాళాలు. తర్వాత డెట్రూసర్ అనే మందమైన కండరం. ఆ బయట కొవ్వు. కంతి పైపొరకే పరిమితమైతే టీఏ, లామినా ప్రొప్రియాలో అడుగుపెడితే టీ1, కండరంలోకి వెళితే టీ2, కొవ్వు దాకా పోతే టీ3, పక్క అవయవాలను పట్టుకుంటే టీ4. కొత్తగా బయటపడే కేసుల్లో సుమారు నాలుగింట మూడు వంతులు కండరం ముట్టనివే. వైద్యం మొత్తం ఈ ఒక్క గీత మీద ఆధారపడుతుంది. కండరానికి ఇవతల ఉంటే గీకడం, లోపల మందు నింపడం. అవతలికి వెళితే చాలామందికి మూత్రాశయాన్నే తీయాల్సి వస్తుంది.

ఇప్పుడు నేను స్లైడు మీద చూసేది చెబుతాను. గీకిన కంతి ఒక్క ముక్కగా రాదు, చిన్న చిన్న తునకలుగా వస్తుంది. కొన్ని తునకల అంచులు కరెంటు వేడికి కమిలిపోయి, కణాల రూపురేఖలు చెరిగి ఉంటాయి. లామినా ప్రొప్రియాలోనూ అక్కడక్కడ సన్నని కండర పోగులు కనిపిస్తాయి. అవి డెట్రూసర్ కావు. డెట్రూసర్ అంటే మందపాటి కట్టలు కట్టలుగా ఉంటుంది. పోగులను చూసి కట్టలనుకుంటే టీ1ను టీ2గా రాసేస్తాం, మనిషికి అవసరం లేని పెద్ద ఆపరేషన్ జరుగుతుంది. కట్టలు ఒక్క తునకలోనూ లేకపోతే "కండరం నమూనాలో లేదు" అని రాస్తాం. దాని అర్థం కండరంలో క్యాన్సర్ లేదని కాదు. అక్కడిదాకా చూడలేదని. మీ డాక్టరు గారు మళ్లీ వెళతామంటున్నది అది చూడటానికి, మిగిలినదేమైనా ఉంటే తీసేయడానికి. హై గ్రేడ్ (కణాల రూపు బాగా చెడి దూకుడుగా పెరిగే రకం) టీ1 అయితే 2 నుంచి 6 వారాల్లో రెండోసారి గీకడం అన్నిచోట్లా ఉన్న పద్ధతే. దాన్ని వాయిదా వేయకండి.

వశిష్ఠ గట్టు (నరసాపురం):

మేష్టారి మాటను కాదనడం లేదు. కానీ కొబ్బరితోట గారి పెద్దనాన్న భయం గాలిలోంచి పుట్టింది కాదు. మా మేనమామకు ఇదే జబ్బు. ఆపరేషన్ చేయించేదాకా పొలం వెళ్లి వచ్చేవాడు. చేయించాక కొన్ని నెలలకే ఊపిరితిత్తుల్లో కనిపించింది, మనిషి మంచానపడ్డాడు, దక్కలేదు. మా పేటలో ఇలాంటివి ఇంకా చెబుతారు. కత్తి పెట్టకముందు లేనిది పెట్టాక ఎలా వచ్చిందో ఎవరైనా చెబితే వింటాను.

వైనతేయ (రాజోలు, ప్రస్తుతం హైదరాబాదు):

బాబాయ్ గారూ, మీ మేనమామ గారి సంగతి చదివి బాధ కలిగింది. నేను పీహెచ్‌డీ చేస్తున్నది ఈ కణాల మీదే కాబట్టి కాస్త పొడవుగా రాస్తాను.

ఈ క్యాన్సర్ రెండు దారుల్లో పుడుతుంది. మొదటి దారిలో 9వ క్రోమోజోము ముక్కలు పోతాయి, ఎఫ్‌జీఎఫ్‌ఆర్3 అనే జన్యువులో మార్పు వస్తుంది. ఈ జన్యువు చేసే ప్రోటీన్ కణం పైన ఉండి, బయటినుంచి పెరుగుదల కబురు వస్తేనే పనిచేయాలి. మార్పు వచ్చాక కబురు లేకుండానే పనిచేస్తుంది. కణాలు గుబురుగా పెరుగుతాయి గానీ సాధారణంగా పైపొరను వదలవు. లో గ్రేడ్ కంతులు ఎక్కువగా ఇవే. మళ్లీ మళ్లీ తిరగబెడతాయి, లోతుకు దిగడం తక్కువ. రెండో దారిలో టీపీ53, ఆర్‌బీ1 అనే కాపలా జన్యువులు దెబ్బతింటాయి. డీఎన్‌ఏ చెడిన కణాన్ని ఆపేదీ, చచ్చిపొమ్మనేదీ టీపీ53. అది పోయాక తప్పుల మీద తప్పులు పోగుపడతాయి. హై గ్రేడ్ కంతులు, పైపొరలో చదునుగా పాకే కార్సినోమా ఇన్ సిటు ఎక్కువగా ఈ దారివి. లోతుకు దిగే గుణం వీటికే. రెండు దారులూ పూర్తిగా విడివిడివి కావు. మొదటి దారిలో వచ్చిన కంతిలో సీడీకేఎన్2ఏ అనే జన్యువు రెండు ప్రతులూ పోతే అది కూడా లోతుకు దిగవచ్చు. కండరంలోకి వెళ్లిన 412 కంతుల జన్యువులను చదివి ఒక పెద్ద అమెరికా బృందం 2017లో ప్రచురించింది. వాటిలో మార్పులు చాలావరకు ఏపీఓబీఈసీ అనే ఎంజైముల గుర్తు ఉన్నవి. అంటే వైరస్‌లను ఎదుర్కోవడానికి మన కణమే ఉంచుకున్న ఎంజైములు దారి తప్పి సొంత డీఎన్‌ఏను మార్చేస్తున్నాయన్నమాట. ఈ మార్పులు కత్తి తాకడానికి ఏళ్లముందే జరిగి ఉంటాయి.

ఇక పాకడం. ఆరోగ్యమైన యూరోథీలియం కణం పక్క కణాన్ని ఈ-క్యాడ్‌హెరిన్ అనే ప్రోటీన్‌తో పట్టుకుని ఉంటుంది. పాకాలంటే ముందు ఆ పట్టు వదలాలి. చుట్టుపక్కల కణజాలంనుంచి వచ్చే టీజీఎఫ్-బీటా వంటి సంకేతాలు కణంలో స్నెయిల్, స్లగ్, ట్విస్ట్, జెబ్1, జెబ్2 అనే ప్రోటీన్‌లను లేపుతాయి. ఇవి ఈ-క్యాడ్‌హెరిన్ జన్యువును నోరు మూయిస్తాయి. జెబ్1, జెబ్2లను అదుపులో ఉంచే మైక్రో ఆర్‌ఎన్‌ఏ-200 కుటుంబం తగ్గిపోతుంది. కణం గుండ్రని రూపు వదిలి సాగుతుంది, ఎన్-క్యాడ్‌హెరిన్, విమెంటిన్ తయారు చేసుకుంటుంది, కదలడం మొదలుపెడుతుంది.

ఇది పుస్తకంలో చదవడం వేరు, కళ్లతో చూడడం వేరు. మా ల్యాబ్‌లో రెండు రకాల మూత్రాశయ క్యాన్సర్ కణాలు పెంచుతాం. ఆర్‌టీ4 అనేది పైపొర కంతినుంచి వచ్చింది. పళ్లెంలో అది దగ్గరదగ్గరగా, అంచులు గీసినట్టున్న దీవులుగా పెరుగుతుంది. టీ24 అనేది 81 ఏళ్ల స్వీడన్ మహిళ కంతినుంచి తీసి పెంచుతూ వచ్చినది. అది దీవులు కట్టదు, ఎక్కడికక్కడ విడిపోయి కాళ్లు చాపుతుంది. పళ్లెం నిండా కణాలు పరుచుకున్నాక పిపెట్ మొనతో మధ్యలో ఒక గీత గీస్తాం. మర్నాడు చూస్తే టీ24 కణాలు రెండు ఒడ్డులనుంచీ ఆ ఖాళీలోకి వచ్చేసి ఉంటాయి. ఆర్‌టీ4 ఒడ్డు ఇంకా అలాగే ఉంటుంది. రెంటికీ గీసిన గీత ఒకటే.

చరిత్రలో ఈ టీ24కు పెద్ద పేరుంది. మనిషి క్యాన్సర్‌నుంచి వేరుచేసిన మొట్టమొదటి ఆంకోజీన్ (క్యాన్సర్‌ను నడిపే జన్యువు) హెచ్-రాస్ మూత్రాశయ క్యాన్సర్ కణాల్లోనే దొరికింది, 1982లో. వైన్‌బర్గ్, బార్బాసిడ్, విగ్లర్‌ల బృందాలు వేర్వేరుగా అక్కడికే చేరుకున్నాయి. ఆ జన్యువు చేసే ప్రోటీన్‌లో 12వ స్థానంలో గ్లైసీన్ అనే అమైనో ఆమ్లం ఉండాల్సిన చోట వాలీన్ ఉంది. జన్యువులో తేడా అంతే, ఒక్క అక్షరం.

పట్టు వదిలిన కణానికి దారి కావాలి. ఆధార పొరలో ముఖ్యమైన పదార్థం 4వ రకం కొల్లాజెన్. దాన్ని కరిగించే ఎంఎంపీ-2, ఎంఎంపీ-9 ఎంజైములను క్యాన్సర్ కణాలు, అవి లొంగదీసుకున్న పక్క కణాలు కలిసి విడుదల చేస్తాయి. పొర తెగితే లామినా ప్రొప్రియా. మీ నాన్నగారి కంతి ఇప్పుడు ఉన్నది ఇక్కడే. లింఫు నాళాలు ఉన్నదీ ఇక్కడే. వీఈజీఎఫ్-ఏ అనే ప్రోటీన్ కొత్త రక్తనాళాలను, వీఈజీఎఫ్-సి కొత్త లింఫు నాళాలను కంతి వైపు పెంచుతాయి. సీసీఎల్2 అనే సంకేతంతో కంతి మాక్రోఫేజ్‌లను పిలిపించుకుంటుంది. కాపాడటానికి రావలసిన ఆ కణాలే వీఈజీఎఫ్-సి తయారుచేసి దారి వేస్తాయి. మొదట కటి ప్రాంతంలోని లింఫు గ్రంథులు, తర్వాత ఊపిరితిత్తులు, కాలేయం, ఎముకలు.

కండరంలోకి దిగిన కంతుల్లో కొన్నిటికి గీకడానికి ముందే కంటికి కనిపించనంత చిన్న పాకుడు ఉంటుంది. స్కానింగులో కొన్ని మిల్లీమీటర్లు పెరిగితే గానీ అది కనపడదు. ఆపరేషన్ రోజున లేనట్టు అనిపించి, నెలల తర్వాత బయటపడేది ఎక్కువగా ఇదే.

ఓటీ సిస్టర్ (రాజమహేంద్రవరం):

వైనతేయ గారు చెప్పింది బాగుంది. ఆపరేషన్ థియేటర్‌లో ఉండేవాళ్లం కాబట్టి ఒకటి దాచకుండా చెప్పాలి. గీకేటప్పుడు కణాలు విడిపోయి మూత్రాశయంలోని నీటిలో తేలడం నిజం. అవి గోడమీద గీసుకున్న చోట అతుక్కుని కొత్త కంతిగా మొలిచే అవకాశం ఉంది. దాని కోసమే తక్కువ ముప్పు ఉన్న కంతుల్లో, గోడకు చిల్లు పడలేదని నిర్ధారించుకుని, 24 గంటల్లోపు ఒక్క మోతాదు మైటోమైసిన్ వంటి మందును గొట్టం ద్వారా లోపల నింపి, కాసేపు ఉంచి తీసేస్తారు. తేలే కణాలను అది చంపుతుంది. గీకాక సెలైన్‌తో గంటల తరబడి కడగడంలోనూ ఆ మేలు కొంత ఉంది.

వశిష్ఠ గట్టు (నరసాపురం):

అయితే కత్తి కణాలను కదిలిస్తుందని మీరే ఒప్పుకుంటున్నారు కదా సిస్టర్ గారూ. మేం అంటున్నదీ అదే.

వైనతేయ (రాజోలు, ప్రస్తుతం హైదరాబాదు):

కదలడం, పాకడం ఒకటి కావు బాబాయ్ గారూ. సిస్టర్ గారు చెప్పింది మూత్రాశయం లోపలే మళ్లీ మొలవడం. మళ్లీ గీకవచ్చు, మందు నింపవచ్చు. ఊపిరితిత్తికి వెళ్లడం పూర్తిగా వేరే పని. పట్టు వదిలిన మామూలు కణం ఆధారం పోయిందన్న కారణానికే తనంతట తాను చచ్చిపోతుంది. ఆ చావును తప్పించుకునే మార్పు కణంలో ముందే రావాలి. రక్తంలో పడ్డాక ప్రవాహపు ఒరిపిడి, రోగనిరోధక కణాలు. వాటిని తట్టుకుని నాళం గోడ దాటి బయటపడి, కొత్తచోట మొలవాలి. 1970లో ఐజయా ఫిడ్లర్ అనే అమెరికా శాస్త్రవేత్త రేడియోధార్మిక గుర్తు పెట్టిన మెలనోమా (చర్మ క్యాన్సర్) కణాలను ఎలుకల రక్తంలోకి నేరుగా ఎక్కించి లెక్కగట్టారు. 0.1 శాతం కన్నా తక్కువ కణాలే కంతులు కాగలిగాయి. నేరుగా రక్తంలోకి ఎక్కిస్తేనే అంత.

1889లో లండన్ సర్జన్ స్టీఫెన్ పాజెట్ రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయిన 735 మంది వివరాలు చూసి, విత్తనం అన్ని దిక్కులకూ వెళుతుంది గానీ తగిన నేలమీదే మొలుస్తుంది అన్నారు. వ్యవసాయం చేసేవారికి నేను దీన్ని విడమరచి చెప్పనక్కర్లేదు. మూత్రాశయ క్యాన్సర్‌లో ఆ "నేల" సంగతి కొంత తేలింది. ఆర్‌హెచ్‌ఓ-జీడీఐ2 అనే ప్రోటీన్ పాకిన క్యాన్సర్‌లలో తగ్గిపోయి ఉంటుంది. దాన్ని తిరిగి కణాల్లో పెడితే ఎలుకల ఊపిరితిత్తుల్లో కంతులు మొలవడం తగ్గింది. అది లేనప్పుడు వెర్సికాన్ అనే పదార్థం పెరిగి, మాక్రోఫేజ్‌లను రప్పించి, ఊపిరితిత్తిని ఆ కణాలకు అనువుగా చేస్తోంది. మొదటి కంతి పెరుగుదల మీద దీని ప్రభావం పెద్దగా లేదు. పెరగడానికీ పాకడానికీ వేర్వేరు సామగ్రి కావాలన్నది నాకు ఈ పనిలో అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించేది ఇందుకే.

కంతిని వదిలేస్తే రోజూ అది లామినా ప్రొప్రియాలోని నాళాల పక్కనే ఉంటుంది, రోజూ కొత్త కణాలు పుడతాయి, ఏదో ఒకదానిలో ఆ సామగ్రి అంతా సమకూరడానికి సమయం దొరుకుతుంది. గీకి తీసేస్తే ఆ సమయం పోతుంది. పెద్దనాన్న గారికి చెప్పవలసింది ఇదేనని నా అభిప్రాయం.

లంక పొలం (కోటిపల్లి):

మధ్యలో అడ్డుపడుతున్నందుకు ఏమనుకోకండి. మా తాతల కాలంనుంచీ లంకల్లో పొగాకు వేస్తున్నాం. చుట్టకు లంక పొగాకే అని పేరు. రాజమండ్రిలో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ 1947లో వచ్చిందంటే మన గోదావరికి పొగాకుతో ఉన్న బంధం ఏపాటిదో తెలుస్తుంది. పొగ ఊపిరితిత్తుల్లోకి కదా వెళ్లేది, మూత్రాశయంతో దానికి ఏం పని?

గాజుపలక (కాకినాడ):

మంచి ప్రశ్న. ఈ క్యాన్సర్‌లో దాదాపు సగం పొగవల్లే అని అంచనా. పొగలో 4-అమైనోబైఫినైల్, 2-నాఫ్తైలమైన్ అనే ఏరోమాటిక్ ఎమీన్లు ఉంటాయి. అవి ఊపిరితిత్తులనుంచి రక్తంలోకి, అక్కడినుంచి కాలేయానికి చేరతాయి. కాలేయం వాటిని వదిలించుకోవడానికి రూపు మార్చి మూత్రంలోకి పంపుతుంది. మూత్రపు ఆమ్లగుణానికి ఆ రూపు విడిపోయి, మళ్లీ చురుకైన పదార్థం బయటపడుతుంది. మూత్రం గంటల తరబడి నిలిచే చోటు ఏది? అక్కడి కణాల డీఎన్‌ఏకు అది అతుక్కుంటుంది. ఎన్‌ఏటీ2 అనే ఎంజైము నెమ్మదిగా పనిచేసే వారసత్వం ఉన్నవాళ్లలో ఈ విషం ఇంకా ఎక్కువసేపు నిలుస్తుంది. 1895లో లుడ్విగ్ రేన్ అనే సర్జన్ ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గరి రంగుల ఫ్యాక్టరీ కార్మికుల్లో ఈ క్యాన్సర్‌ను గుర్తించింది ఇదే జాతి రసాయనాల దగ్గర.

కొబ్బరితోట గారూ, నాన్నగారి చేత చుట్ట మాన్పించండి. ఇప్పుడు మానినా లాభమే, తిరగబెట్టే ముప్పు తగ్గుతుంది. రెండో ఆపరేషన్ గురించి ఎంత పట్టుబడతారో దీని గురించీ అంత పట్టుబట్టాలి.

వశిష్ఠ గట్టు (నరసాపురం):

వైనతేయ గారి జవాబు రెండుసార్లు చదివాను. విత్తనం మాట మనసుకు ఎక్కింది. మా మామకు కండరందాకా పోయిందని రిపోర్టులో ఉన్నట్టు మా అత్త అనేది, అప్పట్లో అదేమిటో మాకు తెలియదు. సరే. రెండో ఆపరేషన్ చేయించుకునేలోపు పసరు మందు వాడితే తప్పులేదు కదా? మా వైపు ఈశ్వరి వేరు కలిపి ఇచ్చేవారు ఉన్నారు.

గాజుపలక (కాకినాడ):

వద్దు, ముఖ్యంగా ఈశ్వరి వేరు అసలే వద్దు. ఆ మొక్క అరిస్టొలోకియా జాతిది. అందులో అరిస్టొలోకిక్ ఆమ్లం ఉంటుంది. అది మూత్రపిండాలను పాడుచేస్తుంది, మూత్రనాళాల పైపొరలో క్యాన్సర్ తెస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో పెట్టింది. 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గే మందులో ఈ జాతి మూలిక కలిసి ఎందరో ఆడవాళ్ల మూత్రపిండాలు దెబ్బతిన్నాయి, వారిలో కొందరికి తర్వాత యూరోథీలియల్ క్యాన్సర్ వచ్చింది. అది డీఎన్‌ఏలో ఏ అక్షరాన్ని ఎలా మారుస్తుందో ఆ గుర్తు కూడా టీపీ53లో దొరికింది. నాన్నగారికి ఉన్న జబ్బు పుట్టే పొరా అదే. ఎవరు ఎంత ప్రేమతో ఇచ్చినా ముట్టనివ్వకండి.

ఉండి కాలువ (భీమవరం):

మా ఊరి మాట ఒకటి. యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో పుట్టింది భీమవరంలోనే. అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల్లో ఆయన నడిపిన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునే మందులు తయారుచేసింది. వాటిలో ఒకటి మెథోట్రెక్సేట్. పాకిన మూత్రాశయ క్యాన్సర్‌కు 1985లో న్యూయార్క్‌లో ప్రకటించిన ఎంవీఏసీ వైద్యంలో మొదటి అక్షరం ఆ మందుదే. మెథోట్రెక్సేట్, విన్‌బ్లాస్టిన్, డాక్సోరుబిసిన్, సిస్‌ప్లాటిన్. సుబ్బారావు గారు 1948లోనే పోయారు, ఇది చూడలేదు. ఇప్పుడు అదే వాడుతున్నారా వైనతేయ గారూ?

వైనతేయ (రాజోలు, ప్రస్తుతం హైదరాబాదు):

వాడుతున్నారు, మోతాదుల మధ్య విరామం తగ్గించిన రూపంలో, ముఖ్యంగా మూత్రాశయం తీసే ముందు. జెమ్‌సిటబిన్, సిస్‌ప్లాటిన్ జోడీ ఎక్కువ వాడుక, దుష్ప్రభావాలు తక్కువని. పాకిన జబ్బులో గత కొన్నేళ్లలో చాలా మారింది. కణంపై ఉండే నెక్టిన్-4 ప్రోటీన్‌ను వెతికి పట్టుకుని విషాన్ని అక్కడే దించే ఎన్‌ఫోర్టుమాబ్ వెడోటిన్, రోగనిరోధక కణాలకు అడ్డు తీసే పెంబ్రోలిజుమాబ్ కలిపి ఇస్తే, పాత కీమోతో 16 నెలలున్న సగటు ఆయుష్షు 31 నెలలు దాటింది. ఎఫ్‌జీఎఫ్‌ఆర్3 మార్పు ఉన్నవారికి ఎర్డాఫిటినిబ్ అనే మాత్ర 2019లో అమెరికాలో అనుమతి పొందింది. ఖరీదు మాత్రం చాలా ఎక్కువ. ఆ ఖరీదు చూస్తే నాకు కోపం వస్తుంది. కణం గుట్టు ఇంత కష్టపడి తెలుసుకున్నది మన కోనసీమ రైతుకు అందకపోతే ఎలా?

కొబ్బరితోట గారూ, మీ నాన్నగారికి ఈ దశలో జన్యు పరీక్షల అవసరం లేదు. ఎవరైనా చేయించమంటే మీ డాక్టరు గారిని అడగకుండా డబ్బు ఖర్చు పెట్టకండి.

రేవు దాటి (యానాం):

నాకు కండరంలోకి వెళ్లాక తెలిసింది. కీమో తర్వాత మూత్రాశయం తీసేశారు. పేగు ముక్కతో పొట్టమీద దారి పెట్టారు, సంచి కట్టుకుంటాను. పొలం చూసుకుంటాను, పెళ్లిళ్లకు వెళతాను. మీ నాన్నగారికి ఇంకా నా దాకా రాలేదు. ఆ అవకాశం పోనివ్వకండి తమ్ముడూ. కావాలంటే నాన్నగారితో ఫోనులో నేను మాట్లాడతాను.

కొబ్బరితోట (అంబాజీపేట):

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. యానాం అన్నయ్య గారు నాన్నతో మాట్లాడారు. నేను చెప్పినవన్నీ ఒక ఎత్తు, ఆ ఫోను ఒక ఎత్తు. పెద్దనాన్నకు నేను వైనతేయ గారి జవాబు చదివి వినిపించాను. ఆయన చివరిదాకా విని, "గీకించకపోయినా అది ఆగదన్నమాట" అన్నారు, అంతే. ఆసుపత్రికి మాతోపాటే వచ్చారు.

రెండోసారి గీకారు. రిపోర్టు వచ్చింది. డెట్రూసర్ కండరం నమూనాలో ఉంది, అందులో క్యాన్సర్ లేదు. పాత గాయం పక్కన చిన్న హై గ్రేడ్ మిగులు దొరికింది, పైపొరలోనే. మొదటిసారితో ఆగి ఉంటే అది అక్కడే ఉండేది.

ఇప్పుడు బీసీజీ ఇస్తామంటున్నారు. పసిపిల్లలకు జబ్బమీద వేసే క్షయ టీకా మూత్రాశయంలో ఏం చేస్తుంది? గాయం మానడానికి కొద్ది రోజులు ఆగమన్నారు. ఎందుకు?

గాజుపలక (కాకినాడ):

కండరం శుభ్రంగా ఉందన్న మాట వినడం ఎంతో సంతోషం బాబూ.

1976లో కెనడాలో అల్వారో మొరాలిస్ తొమ్మిది మంది రోగులతో మొదలుపెట్టిన వైద్యం ఇది. ప్రాణంతో ఉన్న, బలహీనపరచిన ఆ సూక్ష్మజీవులను గొట్టం ద్వారా లోపల నింపుతారు. అవి గోడమీది ఫైబ్రోనెక్టిన్‌ను పట్టుకుని కణాల్లోకి వెళతాయి. శరీరం దాన్ని చొరబాటుగా గుర్తించి న్యూట్రోఫిల్‌లను, తర్వాత టీ కణాలను, ఎన్‌కే కణాలను, అంటే తన రోగనిరోధక కణాలను, అక్కడికి పంపుతుంది. ఇంటర్‌ఫెరాన్-గామా వంటి పదార్థాలు పెరుగుతాయి. ఇంతకాలం కంతి దగ్గర మౌనంగా ఉన్న రోగనిరోధక వ్యవస్థ క్యాన్సర్ కణాలనూ చంపడం మొదలుపెడుతుంది. హై గ్రేడ్ టీ1కు దీనికి మించిన మొదటి మందు ఇంకా స్థిరపడలేదు.

గాయం పచ్చిగా ఉండగా నింపితే ఆ సూక్ష్మజీవులు నేరుగా రక్తంలోకి వెళ్లవచ్చు. అందుకే కనీసం 2 వారాలు ఆగుతారు. మూత్రంలో కంటికి కనిపించే రక్తం ఉన్నా, గొట్టం పెట్టేటప్పుడు గీసుకున్నా ఆ రోజుకు వాయిదా వేస్తారు.

ఓటీ సిస్టర్ (రాజమహేంద్రవరం):

వారానికి ఒకటి చొప్పున 6 వారాలు, ఆ తర్వాత నెలల విరామంతో మూడేసి మోతాదులు, 1 నుంచి 3 ఏళ్లదాకా. మందు నింపాక 2 గంటలు మూత్రం ఆపుకోవాలి. ఆ ఉదయం నీళ్లు, కాఫీ తక్కువ తాగితే ఆపుకోవడం తేలిక. తర్వాత 6 గంటలపాటు నాన్నగారు కూర్చునే మూత్రవిసర్జన చేయాలి, ప్రతిసారీ దొడ్డిలో బ్లీచింగ్ ద్రావణం పోసి 15 నిమిషాలు ఉంచి నీళ్లు కొట్టండి. మంట, మాటిమాటికీ రావడం, ఒకటి రెండు రోజుల ఒళ్లునొప్పులు మామూలే. చలితో జ్వరం వచ్చి తగ్గకపోతే మాత్రం ఇంట్లో మాత్రలు వేసి చూడకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లి బీసీజీ వేయించుకుంటున్నట్టు ముందే చెప్పండి. మూడు నెలలకు గొట్టం పరీక్ష (గొట్టం పంపి మూత్రాశయం లోపల చూడటం) ఉంటుంది, ఆ తేదీ ఇప్పుడే రాయించుకోండి.

కొబ్బరితోట (అంబాజీపేట):

రాయించుకున్నాను సిస్టర్ గారూ. చుట్టల కట్ట నాన్నే తీసి పెద్దనాన్నకు ఇచ్చేశారు. ఇప్పుడు పెద్దనాన్న చేత మాన్పించాలి. ఆయనకూ మూత్రపరీక్ష చేయిస్తే మంచిదా మేష్టారూ?

గాజుపలక (కాకినాడ):

లక్షణాలు లేకుండా అందరికీ చేసే పరీక్ష దీనికి లేదు. మూత్రంలో ఒక్కసారి రక్తం కనిపించినా, నొప్పి లేకపోయినా, దానంతట అదే తగ్గిపోయినా స్కానింగు, గొట్టం పరీక్ష చేయించాలి. వేడి అనుకుని ఆగవద్దని ఆయనకు మీరే చెప్పండి, ఇప్పుడు మీ మాట వింటారు.